కాలువ కట్టేసిన వేసవిలో ఇంటర్న్‌షిప్: గోదావరి డెల్టాకు వెళ్లాలనుకునే సివిల్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో శివారు ఊరు. నాన్నగారు వరి పండిస్తారు. బీటెక్ సివిల్ మూడో ఏడాది పరీక్షలయ్యాక ఎనిమిది వారాలు మధ్య డెల్టాలో ఒక ఇరిగేషన్ సెక్షన్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. అప్పటినుంచి జూనియర్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు, అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. బస్సులోనో క్లాసుల మధ్యలోనో సగం సగం చెప్పడం కంటే ఒకచోట కూర్చుని పూర్తిగా రాస్తే మేలనిపించింది.

ఇంటర్న్‌షిప్ తప్పనిసరా? ఎన్ని వారాలు చేయాలి?

తప్పనిసరే. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 రెగ్యులేషన్ వాళ్లకు రెండో ఏడాది తర్వాత వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, మూడో ఏడాది తర్వాత వేసవిలో ఇండస్ట్రీ ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఒక్కోటి 8 వారాలు. అటానమస్ కాలేజీల్లో క్రెడిట్ల లెక్క కొంచెం మారొచ్చు, మీ రెగ్యులేషన్ పుస్తకం ఒకసారి చూసుకోండి. నేను ఇక్కడ రాసేదంతా మూడో ఏడాది తర్వాతి ఎనిమిది వారాల గురించే.

హైదరాబాద్, బెంగళూరు వదిలేసి కాలువ గట్టు మీద ఏం నేర్చుకుంటాం?

ఎక్కువమంది అడిగేది ఇదే. నేనూ మొదట హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సైటుకే ప్రయత్నించాను. అక్కడ మా సీనియర్లు చూసింది ఒక స్లాబు, రెండు కాలమ్‌లు. మిగతా రోజులు ఆఫీసులో కూర్చుని డ్రాయింగులు తిరగేశారు.

డెల్టా సంగతి వేరు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు. ధవళేశ్వరం ఆర్మ్ (భాగం)లో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల ఆయకట్టు. బొబ్బర్లంక దగ్గర మొదలైన మధ్య డెల్టా ప్రధాన కాలువ లొల్ల లాకుల దగ్గర చీలుతుంది. అక్కడినుంచి ఒక్కో కాలువ చిన్నదవుతూ, చేతి వేళ్లలా విడిపోతూ సముద్రం దగ్గరి ఊళ్ల దాకా వెళ్తుంది. ఈ దారిలో ఎక్కడా మోటారు లేదు, తోడేవాళ్లు లేరు. నీరు పల్లమెరుగు అంటారు కదా, మొత్తం వ్యవస్థ నిలబడింది ఆ ఒక్క మాట మీదే. పైగా మన నేల బల్లపరుపుగా ఉంటుంది. కాలువ అడుగు ఒకచోట జానెడు ఎత్తయితే దాని కింద ఉన్న రైతుకు నీళ్లు అందవు.

మా నాన్నగారు ఆ చివరన ఉన్న రైతు. ఏటా జూన్‌లో ఆయన తూము దగ్గరికి వెళ్లి నిలబడటం చిన్నప్పటినుంచీ చూశాను. నీళ్లు ఎందుకు ఆలస్యమవుతాయో ఇరవై ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. తెలిసింది కూడా కాలువ ఎండిపోయి ఉన్నప్పుడే, దాని అడుగున నడిచినప్పుడే.

ఏ నెలలో వెళ్లాలి?

దాళ్వా (రబీ వరి) కోతకు వచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకోవాలి, కాబట్టి ఆ తేదీ గురించి కూడా రైతులకు, పంచాయతీలకు, ఇంజినీర్లకు మధ్య చాలా మాటలు నడుస్తాయి. సార్వా (ఖరీఫ్ వరి)కు మళ్లీ జూన్‌లో వదులుతారు. ఈ మధ్యలో దొరికేది ఆరేడు వారాలు. పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం, తూములు, లాకుల తలుపులు బాగుచేయడం, రక్షణ గోడలు కట్టడం, అన్నీ ఆ వారాల్లోనే అయిపోవాలి.

మన వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. మే మొదటి వారంలో చేరితే ఎండిన కాలువనూ చూస్తారు, నీళ్లొచ్చిన కాలువనూ చూస్తారు. జూన్ మధ్యలో చేరినవాళ్లకు నిండు కాలువ ఒక్కటే కనిపిస్తుంది, అసలు పనంతా దాని కింద మునిగిపోయి ఉంటుంది. పరీక్షలవగానే వారం రోజులు ఇంట్లో పడుకుందామనుకోకండి. ఆ వారం మళ్లీ దొరకదు.

అనుమతి ఎలా తీసుకోవాలి? తెలిసినవాళ్లు ఉండాలా?

నాకు ఎవరూ తెలియదు. కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్ తీసుకున్నాను. అందులో పేరు, రోల్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, కాలేజీలో గైడ్ ఎవరు అన్నది స్పష్టంగా ఉండాలి. దాంతో డివిజన్ ఆఫీసుకు వెళ్లి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారికి ఇచ్చాను. ఆయన సబ్ డివిజన్‌లో డీఈ (డిప్యూటీ ఇంజినీర్) గారికి రాశారు, డీఈ గారు సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి పంపారు. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది, మూడుసార్లు తిరిగాను. లెటర్ ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటే కాగితం కదలదు. వెళ్లినప్పుడల్లా మర్యాదగా, ఓపిగ్గా అడగండి. ఆఫీసులో గుమస్తా గారు నాతో అన్నమాట: "వేసవిలో మాకూ మనుషులు కావాలమ్మా, పనిచేస్తానంటే ఎవరూ కాదనరు." మార్చిలోనే మొదలుపెట్టండి.

డబ్బు కడితే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఉన్నారట, అది తీసుకుంటే సరిపోదా?

మా బ్యాచ్‌లో కొందరు తీసుకున్నారు. నాకూ మెసేజ్ వచ్చింది. డబ్బు పంపితే రెండు రోజుల్లో సర్టిఫికెట్, ఇంకొంచెం కలిపితే రిపోర్టు కూడా వాళ్లే రాసిస్తారట. ఇంట్లో అడిగితే నాన్నగారు ఇచ్చేసేవారే, అంత నమ్మకం నా మీద.

వైవాలో ఏమైందో చూశాను. నా స్నేహితురాలి రిపోర్టులో ఇరవై పేజీల కాంక్రీటు లెక్కలున్నాయి. ఎగ్జామినర్ గారు ఒకటే అడిగారు: "మీ సైటులో కంకర ఎక్కడినుంచి వచ్చేది?" తను తలదించుకుంది. ఆ పిల్ల తెలివైనది, నాకంటే మార్కులెక్కువ. ఎనిమిది వారాలు తన దగ్గరినుంచి ఎవరో కొనేసుకున్నట్టు అనిపించి నాకు చాలా బాధేసింది. దయచేసి ఆ పని చేయకండి. దగ్గర్లో కల్వర్టు కడుతుంటే అక్కడికైనా వెళ్లి, ఆ మేస్త్రీ పక్కన నిలబడి చూడండి.

స్టైపెండ్ ఇస్తారా?

నాకు రాలేదు. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం నావే. డిగ్రీ పూర్తయ్యాక నాట్స్ (కేంద్ర అప్రెంటిస్‌షిప్ పథకం) కింద చేసే ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు స్టైపెండ్ ఉంటుంది. అది వేరు, ఇది వేరు.

మొదటి వారం ఏం చేయిస్తారు?

నడిపిస్తారు. మా ఏఈ గారు మొదటిరోజు చెప్పింది ఇంతే: "కాలువ పైనుంచి కింద దాకా నడిచిరా, చూసినవి రాసుకుని రా. తర్వాత మాట్లాడదాం." రెండు రోజుల్లో 14 కిలోమీటర్లు నడిచాను. తూములు ఎన్ని, ఏది పగిలింది, ఎక్కడ గట్టు జారింది, ఎక్కడ చెత్త పోస్తున్నారు, అన్నీ రాశాను. నోట్‌బుక్ చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎడమ గట్టో కుడి గట్టో రాయలేదే?" నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే మన ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. పుస్తకంలో ఒక్క లైను అది. అది రాయకపోతే పద్నాలుగు కిలోమీటర్ల నడక ఎవరికీ పనికిరాదు. మర్నాడు మళ్లీ వెళ్లి సరిచేసుకున్నాను.

లెవెలింగ్ ల్యాబులో చేశాం కదా, సైటులో తేడా ఏముంటుంది?

లెవెలింగ్ అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. ల్యాబులో నేల గట్టిగా ఉంటుంది. కాలువ అడుగున మే నెలలో కూడా తడి ఉంటుంది. పైన ఎండి పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది, స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పెడితే మెల్లగా దిగిపోతుంది. ఛేంజ్ పాయింట్ (పరికరం చోటు మార్చేటప్పుడు స్టాఫ్ నిలిపి ఉంచే చోటు) దగ్గర ఫోర్ సైట్ చదివి, పరికరం మార్చి, బ్యాక్ సైట్ చదివేలోపు అది ఒక సెంటీమీటరు దిగిందనుకోండి, అక్కడినుంచి మీ లెవెళ్లన్నీ తప్పే. అందుకే ఛేంజ్ పాయింట్ ఎప్పుడూ తూము రాతి మీదో, పాతిన మేకు మీదో పెట్టాలి. ఏమీ లేకపోతే ఒక ఇటుకను బాగా తొక్కి దానిమీద పెట్టండి.

నేను చేసిన తప్పు ఇంకొకటి. అల్యూమినియం స్టాఫ్ మడతల్లోంచి పైకి లాగినప్పుడు ప్రతి భాగం దగ్గర చిన్న గుండీ టక్కుమని పడాలి. ఒకరోజు పదకొండింటికి ఎండ మండిపోతోంది, స్టాఫ్ నేనే పట్టుకున్నాను. రెండో భాగం లాగాను, గుండీ పడిందో లేదో చూడలేదు. అది 3 సెంటీమీటర్లు కిందికి జారి ఉంది. కింది భాగంలో చదివినవన్నీ సరే, పై భాగంలో చదివినవన్నీ తప్పు. సాయంత్రం బెంచ్ మార్కు (ఎత్తు ముందే తెలిసిన గుర్తు)కు తిరిగొచ్చి ముడిపెడితే 31 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. మా సెక్షన్‌లో పెట్టుకున్న హద్దు కిలోమీటరుకు 12.

కళ్లలో నీళ్లు తిరిగాయి. వర్క్ ఇన్‌స్పెక్టర్ గారు ఏమీ అనలేదు, స్టాఫ్ తీసుకుని ఒక్కో గుండీ నొక్కి చూశారు. "ఇదిగోనమ్మా, ఇక్కడ" అని వేలితో చూపించారు. మర్నాడు ఆరింటికే మొదలుపెట్టి మొత్తం తిరిగి చేశాం, 5 మిల్లీమీటర్లకు ముడిపడింది. ఆ 3 సెంటీమీటర్లు ఎవరూ పట్టుకోకపోతే పొక్లెయిన్ ఆపరేటర్‌కు తప్పు లెవెల్ ఇచ్చేవాళ్లం. బ్యాక్ సైట్ల మొత్తం లోంచి ఫోర్ సైట్ల మొత్తం తీసేస్తే చివరి ఆర్ఎల్ (లెక్కగట్టిన ఎత్తు)కు, మొదటి ఆర్ఎల్‌కు ఉన్న తేడా రావాలని క్లాసులో నేర్చుకున్నాం. కానీ ఆ చెక్ చూసేది మన కూడికలు, తీసివేతలు మాత్రమే. స్టాఫ్ తప్పును పట్టేది బెంచ్ మార్కుకు తిరిగి రావడమే. ఎంత అలసిపోయినా తిరిగి రండి.

కాంక్రీటు పనిలో విద్యార్థికి ఏం అప్పగిస్తారు?

క్యూబులు, అంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే దిమ్మలు. 150 మిల్లీమీటర్ల మౌల్డుకు లోపల నూనె రాసి, మూడు పొరలుగా నింపి, ఒక్కో పొరను రాడ్డుతో కనీసం 35 సార్లు పొడవాలి. మర్నాడు విప్పి, తేదీ రాసి, నీళ్లలో వేయాలి. ఏడో రోజున కొన్ని, 28వ రోజున కొన్ని విరగ్గొట్టి చూస్తారు. ఎం20 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు. ఇదంతా మీకు తెలిసిందే.

మీకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. మేము రక్షణ గోడకు కాంక్రీటు పోసింది మే 18న. నీళ్లు వదిలేది జూన్ మొదటి వారంలో. 28 రోజుల ఫలితం వచ్చేది జూన్ 15న. అంటే గోడ బలం ఎంతో కాగితం మీదికి వచ్చేసరికి దాని ముందు నిండు కాలువ పారుతూ ఉంటుంది. ఏడో రోజున వచ్చే అంకె 28 రోజుల బలంలో దాదాపు మూడింట రెండొంతులు ఉండాలి. దాన్నిబట్టే ఒక అంచనా. అంతకుమించిన భరోసా పోసేరోజు మనం కళ్లారా చూసిందే. డెల్టాలో క్లోజర్ (కాలువ కట్టేసిన వారాల) పని చేసే ప్రతి ఇంజినీరూ ఏటా ఈ టెన్షన్ మోస్తాడు. నేను అక్కడ నేర్చుకున్నవాటిలో ఇదే పెద్దది.

మేస్త్రీలు కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తుంటే మనం ఏం చేయాలి?

ఇది నాకు జరిగింది. గోడ రెండో లిఫ్టు (ఒకసారి పోసే ఎత్తు) పోస్తున్నప్పుడు మధ్యాహ్నం కాంక్రీటు బిగుసుకుపోతోంది. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర మేస్త్రీ గారు ప్రతి కలుపులోనూ అర బకెట్ నీళ్లు అదనంగా పోయించడం మొదలుపెట్టారు. కాంక్రీటు ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ కోన్ తీసుకెళ్లి పెట్టాను. పొద్దున 60 మిల్లీమీటర్లు జారింది, ఇప్పుడు ఎత్తగానే పేడముద్దలా కూలిపోయింది. లెక్క వేసుకోండి. బస్తా 50 కిలోలు, దానికి 25 లీటర్ల నీళ్లు అనుకున్నాం, నిష్పత్తి 0.5. ఇంకో అయిదు లీటర్లు పోస్తే 0.6. కంటికి కాంక్రీటు మెత్తగా, పని చక్కగా సాగుతున్నట్టు కనిపిస్తుంది, బలం మాత్రం పడిపోతుంది.

మీరు నేరుగా మేస్త్రీతో గొడవపడకండి. నేను వెంటనే వర్క్ ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను, ఆయన వచ్చి ఆపించారు. ఆ కలుపును గోడలో వేయనివ్వలేదు, మోటారు కింద దిమ్మెకు వాడించారు. మేస్త్రీ గారికి కోపం వచ్చింది. "ఇరవై ఏళ్ల నుంచి పోస్తున్నాం అమ్మాయ్" అన్నారు. నాకు భయమేసింది, కానీ నిలబడ్డాను.

సాయంత్రం ఆయనే టీ ఇప్పించి తన కష్టం చెప్పారు. ఎండకు కంకర కాలిపోతోంది, డ్రమ్ములో నీళ్లు వేడెక్కిపోతున్నాయి, గోడలోకి దించేలోపే బిగుస్తోంది, కూలీలు పొడవలేకపోతున్నారు. అది నిజం. ఆయన చేసింది తప్పు, ఆయన చెప్పిన కారణం తప్పు కాదు. మర్నాడు డ్రమ్ములు చెట్టు నీడలోకి మార్చాం, కంకర మీద ముందురోజు సాయంత్రమే నీళ్లు చల్లించాం, పోయడం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపేశాం. మళ్లీ అదనంగా నీళ్లు అడగలేదు ఎవరూ.

లష్కర్లు అంటే ఎవరు? వాళ్లతో మనకేం పని?

కాలువ మీద నీళ్లు చూసుకునే ఉద్యోగులు. గేట్లు ఎత్తేది, దించేది, గట్టుమీద తిరిగేది వాళ్లే. మా సెక్షన్‌లో పెద్దాయన ఒకరు ఉండేవారు, నేను బాబాయి గారూ అనేదాన్ని. నాలుగో వారం ఆయన వెంట గట్టు మీద తిరిగాను. చేతికర్రతో గడ్డి పక్కకు తప్పించి ఎండ్రకాయల బొరియలు చూపించేవారు. ఒక్కోటి కర్ర మూర దాకా దిగేది. కాలువ నిండాక ఆ బొరియల్లోంచే నీరు ఊరుతుందట.

"ఊరితే ఏం చేస్తారు బాబాయి గారూ?" అంటే, "తేట నీరొస్తే చూసుకోవచ్చమ్మా. బురద నీరొచ్చిందా, పరిగెత్తాలి" అన్నారు.

పైపింగ్ గురించి సాయిల్ మెకానిక్స్‌లో రెండు యూనిట్లు చదివాను. ఊరే నీటితోపాటు మట్టి కూడా కొట్టుకొస్తేనే గట్టుకు ప్రమాదం అన్నదే కదా దాని సారం. ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు. గోదావరి వరదప్పుడు ఏటిగట్ల మీద రాత్రంతా టార్చిలైట్లతో తిరిగేవాళ్లు చూసేదీ ఇదే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈయన మూడు రాత్రులు గట్టు దిగలేదట. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చినప్పటి సంగతులు వాళ్ల నాన్న చెప్పగా విన్నారట. వాళ్ల దగ్గర కూర్చోండి. వయసుకు తగ్గట్టు పిలవండి, నోట్‌బుక్ తీసేముందు రాసుకోవచ్చా అని అడగండి.

కాలువల పనేనా, మురుగు కాలువలు కూడా చూపిస్తారా?

అడిగితే చూపిస్తారు, తప్పకుండా అడగండి. డెల్టాలో నీళ్లు తేవడం ఎంత కష్టమో, ఎక్కువైన నీళ్లు పంపడం అంత కష్టం. సముద్రం దగ్గరి డ్రెయిన్లకు చివర్లో స్లూయిజ్ తలుపులుంటాయి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి రాకుండా మూసుకోవాలి, పాటు సమయంలో తెరుచుకుని మురుగును వదలాలి. ఆ తలుపు తుప్పుపట్టి సగంలో ఆగిపోతే వర్షాకాలంలో చేలు మునుగుతాయి, వేసవిలో ఉప్పెక్కుతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ముంపు కూడా ఒకటి. నేను అప్పుడు చిన్నదాన్ని. చేలన్నీ ఖాళీగా ఉండటం మాత్రం గుర్తుంది.

అమ్మాయిలు సైటులో ఉండగలరా?

ఉండగలరు. ఇబ్బందులు మాత్రం దాచను. గట్టు మీద టాయిలెట్ ఉండదు. మొదటి వారం నీళ్లు తాగడం తగ్గించేశాను, దాంతో తలనొప్పి, మూత్రంలో మంట వచ్చాయి. అలా చేయకండి. దగ్గరి ఊళ్లో ఒక ఇంటి అమ్మమ్మ గారిని అడిగాను, "దానికి అడగాలా తల్లీ" అన్నారు. సైటు దగ్గర ఇల్లో, అంగన్‌వాడీయో, పంచాయతీ ఆఫీసో మొదటిరోజే చూసుకోండి. సాయంత్రం ఎన్నింటికి బయల్దేరాలో ఏఈ గారికి ముందే చెప్పండి. నాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. కుదిరితే మరో అమ్మాయితో కలిసి ఒకే సెక్షన్ అడగండి. స్టాఫ్ ఒకరు, పరికరం ఒకరు చూసుకోవచ్చు.

ఎండ, తిండి, బస?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మీ పని సరిగ్గా ఆ రోజుల్లోనే. పొద్దున అయిదున్నరకు సైటులో ఉండండి, పదకొండుకు నీడకు రండి, మళ్లీ నాలుగుకు వెళ్లండి. నూలు చొక్కా, తువ్వాలు, రెండు లీటర్ల నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ. గట్టు మీద తాటిముంజలు దొరుకుతాయి. ఊరు దూరమైతే రావులపాలెం, కొత్తపేట, అమలాపురంలో గది దొరుకుతుంది. నేను ఇంటినుంచే బస్సులో వెళ్లొచ్చాను. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు సఖినేటిపల్లి పంటు (గోదావరి దాటించే పడవ) సమయాలు చూసుకోవాలి.

ప్రమాదాలు ఏముంటాయి?

మూడు చెప్తాను. గోతిలో ఊరే నీటిని తోడే మోటార్ల వైర్లు తడి నేలమీద పడి ఉంటాయి, అతుకులకు టేపు చుట్టి వదిలేస్తారు. వాటిమీద కాలు పెట్టొద్దు, మెయిన్ ఎక్కడుందో తెలుసుకుని ఉండండి. రెండోది గోతి అంచు. మన ఒండ్రు మట్టి నిలువుగా తవ్వితే నిలబడినట్టే ఉండి ఒక్కసారిగా జారుతుంది. ఫొటో కోసం కూడా అంచు కింద నిలబడకండి. మూడోది పొక్లెయిన్ తిరిగే వలయం. ఆపరేటర్ మిమ్మల్ని చూశాడని మీకు తెలిసేవరకు దగ్గరికి వెళ్లొద్దు.

కోనసీమలో తవ్వేముందు ఇంకోటి కూడా చూడాలి. భూమిలో గ్యాస్ పైపులైన్లున్నాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో పైపులైన్ పేలినప్పుడు ఎంతమంది పోయారో మా వైపు ఎవరూ మర్చిపోలేదు. పైపులైన్ గుర్తు రాయి కనిపిస్తే అక్కడ గునపం కూడా దించకుండా సార్‌కు చెప్పండి.

కాటన్ దొర గురించి చదువుకుని వెళ్లాలా?

వెళ్లండి. 1847లో మొదలుపెట్టి 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాతి కాలంలో, 1970లలో మొదలై వచ్చింది. మే 15 ఆయన పుట్టినరోజు, మీరు అప్పటికి సైటులోనే ఉంటారు. రైతులు విగ్రహాలకు దండలు వేస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన మన ఇంజినీరు వీణెం వీరన్న గారి గురించి కూడా చదవండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, ఒక పూట కేటాయించండి. పి.గన్నవరంలో వైనతేయ మీద పాత ఆక్విడెక్టు, పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్త ఆక్విడెక్టు చూడండి. కింద నది, పైన కాలువ. పాతదాని ఇటుక కమానుల కింద నిలబడి తలెత్తి చూస్తే స్ట్రక్చర్స్ సబ్జెక్టు మీద నాకు మళ్లీ ఇష్టం పుట్టింది.

రిపోర్టు ఎలా రాయాలి?

రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒక పేజీ. తేదీ, చైనేజీ (కాలువ మొదటినుంచి ఆ చోటుకు దూరం), ఏం చేశారు, ఎన్ని గంటలు, ఏ అంకె వచ్చింది, ఏది అర్థం కాలేదు. చివర్లో యాభై పేజీలు ఒకేసారి రాయబోతే అన్నీ పుస్తకం మాటలే వస్తాయి. ఫొటోలో ఒక స్కేలో, స్టాఫో కనిపించేలా తీయండి. తప్పులు కూడా రాయండి. నేను 31 మిల్లీమీటర్ల సంగతి రిపోర్టులో పెట్టాను, వైవాలో సగం సేపు దానిమీదే అడిగారు, అన్నీ చెప్పగలిగాను. ఎం బుక్ (మెజర్‌మెంట్ బుక్)లో కొలతలు ఎలా ఎక్కిస్తారో పక్కన కూర్చుని చూడండి. ఫొటో మాత్రం అడగకుండా తీయొద్దు, అది ప్రభుత్వ రికార్డు.

మిగతా బ్రాంచుల వాళ్లకు డెల్టాలో ఏముంది?

మెకానికల్ వాళ్లకు లాకులు, గేట్లు, రైసు మిల్లులు. కెమికల్, పెట్రోలియం వాళ్లకు తాటిపాక మినీ రిఫైనరీ, కాకినాడ పరిశ్రమలు. ఎలక్ట్రికల్ వాళ్లకు సబ్‌స్టేషన్లు. వాటి అనుమతుల దారి వేరు, అక్కడ చేసినవాళ్లను అడిగితే మంచిది.

ఇది చేస్తే ఉద్యోగం వస్తుందా?

నేరుగా రాదు. ఏఈ పోస్టు ఏపీపీఎస్సీ పరీక్ష ద్వారానే. కానీ ఇంటర్వ్యూలో సైటు గురించి అడిగితే మీ దగ్గర చెప్పడానికి సొంత మాటలుంటాయి.

నీళ్లు వదిలిన రోజు అక్కడ ఉండాలా?

ఉండండి, ఇంట్లో పెళ్లి లేకపోతే చాలు. మా దగ్గరికి నీళ్లు మధ్యాహ్నం మూడింటికి వచ్చాయి. నేను పెద్ద అల ఏదో వస్తుందనుకున్నాను. కాలువ అడుగున గోధుమరంగు నాలుక ఒకటి మెల్లగా పాకుతూ వచ్చింది. దాని ముందు ఎండుటాకులు, నురగ, ప్లాస్టిక్ సీసాలు. మనిషి నడకకంటే నెమ్మది. పగుళ్లిచ్చిన మట్టిని తాకగానే బుడబుడమని శబ్దం. పిల్లలు గట్టుమీద దానితోపాటు నడుస్తున్నారు. బాబాయి గారు గడకర్రతో తూము దగ్గర చెత్త లాగేస్తూ ఉన్నారు. మేము పూడిక తీయించిన చోట నీరు ఆగకుండా దాటిపోయింది. పొక్లెయిన్ వెళ్లలేక వదిలేసిన ఒక వంపు దగ్గర మాత్రం కొంచెం నిలబడి, చుట్టూ తిరిగి వెళ్లింది. దాని చైనేజీ రాసుకున్నాను, వచ్చే ఏడాది క్లోజర్‌లో చేయాల్సినవాటిలో ఏఈ గారు అది చేర్చారు. గోడ ముందు నీరు ఎక్కుతుంటే నేనూ వర్క్ ఇన్‌స్పెక్టర్ గారూ చీకటి పడేదాకా అక్కడే నిలబడి వెనకవైపు తడి కనిపిస్తుందేమోనని చూస్తూ ఉన్నాం.

నాలుగోరోజు పొద్దున నాన్నగారు ఫోన్ చేశారు. "అమ్మా, మన తూముకొచ్చాయి" అన్నారు, నారుమడికి నీళ్లు పెట్టుకోవాలని వెంటనే ఫోన్ పెట్టేశారు.

ఏఈ గారిని అడిగి నా కోసం మూడు క్యూబులు అదనంగా పోయించుకున్నాను. జూన్ 15న వాటిని గోనెసంచిలో తడిగుడ్డ చుట్టి బస్సులో కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను. 540, 555, 568 కిలోన్యూటన్ల దగ్గర విరిగాయి. సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 24.6 న్యూటన్లు. బయటికొచ్చి వర్క్ ఇన్‌స్పెక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికి ఆయన గోడ దగ్గరే ఉన్నారు.